బొలెరో వెనక క్యారవాన్ ట్రైలర్: ఏ టైర్లు వేయాలి, ఎన్ని పాయింట్ల గాలి కొట్టించాలి?

నాగావళి_ఒడ్డు · రాయగడ

అందరికీ నమస్కారం. సాలూరులో కట్టించిన చిన్న క్యారవాన్ ట్రైలర్ మొత్తానికి ఇంటికొచ్చింది. ఒకటే ఇరుసు, కమాను కట్టలు, 14 అంగుళాల రిమ్ములు, ఓవర్‌రన్ బ్రేకు (ముందు బండి ఆగితే ట్రైలర్ నెట్టుడుకి దానంతటదే పడేది). లోపల ఇద్దరికి పడక, చిన్న వంటగట్టు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఇన్వర్టర్ బ్యాటరీ. డిసెంబరులో కోరాపుట్, జయపురం మీదుగా గుప్తేశ్వర్ వెళ్లాలని ప్లాను. అది బాగా జరిగితే తర్వాత గోపాల్‌పూర్.

బాడీ కట్టినాయన ఇల్లు చేరడానికి పాత కారు టైర్లు బిగించి పంపించాడు, మంచివి మీరే వేయించుకోండి అన్నాడు. షాపులకెళ్తే ఒకరు 165 ఆర్14 ఎల్‌టీ (చిన్న సరుకు బండ్ల రకం) 8 పీఆర్ అంటారు, ఇంకొకరు 185 అంటారు, మూడో ఆయన కారు టైరే వేయండి, మెత్తగా నడుస్తుంది అంటాడు. గాలి సంగతి అడిగితే 35 నుంచి 65 దాకా ఎవరికి తోచిన అంకె వారు చెబుతున్నారు. 165 టైరు మీద 97/95ఆర్ అని ఉంది. అసలు దీన్ని ఎలా చదవాలి?

ఘాట్‌రోడ్_బాబాయి · జయపురం

టైరు సంగతి తర్వాత బాబూ. బండి బరువెంత?

నాగావళి_ఒడ్డు · రాయగడ

1,200 కిలోలు అని చెప్పారు బాబాయ్.

ఘాట్‌రోడ్_బాబాయి · జయపురం

ఎవరు చెప్పారు? కాటా చెప్పిందా, కట్టినాయన చెప్పాడా? ఖాళీగానా, నీళ్లూ గ్యాసూ పరుపులూ ఎక్కించాకా? ఇరవై ఏళ్లు లారీ తిప్పినవాణ్ని, నోటితో చెప్పిన బరువు కాటా మీద కనబడడం నేనెప్పుడూ చూడలేదు.

పర్లాకిమిడి_టీచర్ · పర్లాకిమిడి

97/95 సంగతి నేను చెబుతాను. అవి లోడ్ ఇండెక్స్ అంకెలు, కిలోలు కావు. ప్రతి అంకెకూ పట్టికలో ఒక బరువు ఉంటుంది. 97 అంటే 730 కిలోలు, 95 అంటే 690. మొదటిది చక్రం ఒంటరిగా ఉన్నప్పుడు, రెండోది లారీ వెనక జంట చక్రాల్లా పక్కపక్కన రెండున్నప్పుడు. మీ ట్రైలర్‌కి పక్కకి ఒక్క చక్రమే కాబట్టి 97నే చూసుకోవాలి. చివర ఉన్న ఆర్ అక్షరం వేగానిది, గంటకి 170 కిలోమీటర్ల దాకా. మన ఘాట్లలో దానితో పనిలేదు.

మిగతావి కూడా రాసిపెట్టుకోండి: 88 అంటే 560, 90 అంటే 600, 100 అంటే 800, 102 అంటే 850, 106 అంటే 950 కిలోలు. బొలెరోకి వచ్చే 215/75 ఆర్15 టైరు మీద మామూలుగా 100 ఉంటుంది.

8 పీఆర్ అని ఉంటే లోపల ఎనిమిది పొరలున్నాయని కాదు. పాతకాలం నూలు దారాల టైర్లలో ఎనిమిది పొరలకు ఉండే బలం దీనికుంది అని చెప్పే గుర్తు. రేడియల్ టైరు సైడ్‌వాల్‌లో అసలు పొర ఒకటో రెండో ఉంటాయంతే.

బరంపురం_బుల్లెట్ · బరంపురం

1,200 కిలోలు రెండు చక్రాల మీద పంచితే 600. 165 టైరు 730 మోస్తుంది. లెక్క సరిపోయింది. 165 వేయించి, 40 కొట్టించి బయల్దేరు బ్రో. ఇంత చర్చ ఎందుకు?

పర్లాకిమిడి_టీచర్ · పర్లాకిమిడి

730 మోసేది 65 పాయింట్ల గాలి ఉన్నప్పుడు. బరువు మోసేది లోపలి గాలే, రబ్బరు దాన్ని పట్టి ఉంచుతుంది. అదే టైరులో 36 కొడితే మోసే శక్తి మూడింట రెండొంతుల లోపుకి పడిపోతుంది. మీరు చెప్పిన 40తో 600 కిలోలు మోయించడమంటే ఓవర్‌లోడ్‌తో నడపడమే. బయటికి మాత్రం టైరు మామూలుగానే కనబడుతుంది.

గుణుపురం_గాలిమిషన్ · గుణుపురం

మేడమ్ చెప్పింది కరెక్టే. నా షాపుకొచ్చే టాటా ఏస్‌ల వెనక టైర్లలో సగం ఇలాంటివే. పైనుంచి చూస్తే గాలి ఉన్నట్టే ఉంటుంది, గేజీ పెడితే ముప్పై చూపిస్తుంది. టైరు విప్పి లోపల చెయ్యి పెడితే నల్లటి పొడి రాలుతుంది. సైడ్‌వాల్ ఒంగి ఒంగి లోపలి రబ్బరు అరిగిపోయిన పొడి అది. అది కనబడితే ఆ టైరుకి నేను పంచరు వేయను, కస్టమరుకి కోపమొచ్చినా సరే.

కాకపోతే ఒక మాట. ట్రైలర్‌కి 65 కొడితే ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరెగిరి పడుతుంది. లోపల గ్యాసు పొయ్యి, అల్మారా తలుపులు ఏమీ మిగలవు. అది కూడా చూసుకోవాలి.

గంజాం_టు_టెక్సస్ · డాలస్

సొంతూరు బరంపురమే, పొట్టకూటికి ఇక్కడున్నాం. మా ఇంట్లో ట్రావెల్ ట్రైలర్ ఉంది కాబట్టి అమెరికాలో దీన్ని ఎలా చూస్తారో చెబుతాను. ఇక్కడి పద్ధతి అక్కడ ఉన్నదున్నట్టు సరిపోదు.

ఇక్కడ ట్రైలర్ల కోసమే ఎస్‌టీ అనే టైర్లు వేరే తయారవుతాయి. వాటికి లోడ్ రేంజ్ అని అక్షరాలు. సి అంటే 6 పీఆర్, 50 పీఎస్ఐ (మీరనే పాయింట్లే). డి అంటే 8 పీఆర్, 65. ఇ అంటే 10 పీఆర్, 80. ఫ్యాక్టరీ ట్రైలర్ మీద స్టిక్కరు ఉంటుంది, ఇరుసు ఎంత మోస్తుంది, ఏ సైజు టైరు, చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి, అన్నీ అందులోనే. మీలా ఊళ్లో కట్టించుకున్నదానికి ఆ స్టిక్కరు ఉండదు. ఆ లెక్క మీరే వేసుకోవాలి.

ఫ్యాక్టరీ వేసిందని నమ్మేయకూడదని కూడా చెప్పాలి. చాలా ట్రైలర్లకి ఇరుసు 3,500 పౌండ్లు, దానికి ఎస్‌టీ 205/75 ఆర్14 లోడ్ రేంజ్ సి టైర్లు వేస్తారు. ఒక్కో టైరు 50 పీఎస్ఐ దగ్గర 1,760 పౌండ్లు మోస్తుంది. రెండూ కలిపి 3,520. అంటే ఇరుసు మొత్తానికి మిగులు 20 పౌండ్లు! ఒక పక్క కాస్త బరువెక్కితే ఆ పక్క టైరు హద్దు దాటినట్టే. అదే సైజులో లోడ్ రేంజ్ డి వేస్తే 65 పీఎస్ఐ దగ్గర 2,040 పౌండ్లు. అందుకే చాలామంది మొదటి టైర్లు అరగకముందే మార్చేస్తారు. అయితే రిమ్ము ఆ గాలినీ, ఆ బరువునీ తట్టుకునేదో కాదో ముందు చూసుకోవాలి.

కారు టైరు గురించి: ఇక్కడ పీ అక్షరంతో వచ్చే కారు టైరుని ట్రైలర్‌కి వాడితే, దాని మీద రాసిన బరువుని 1.10తో భాగించి ఆ వచ్చినదాన్నే హద్దుగా తీసుకోవాలని నియమం. మెత్తగా నడుస్తుందన్న ఆయనకి ఈ ముక్క చెప్పండి.

బరంపురం_బుల్లెట్ · బరంపురం

సరే సరే, కాటా వేయించు ముందు. నేను ఒప్పుకున్నా.

కోరాపుట్_కాఫీ · కోరాపుట్

కాటాలో మొత్తం బరువు ఒక్కటే తెచ్చుకుంటే సగం పనే అవుతుంది. నాలుగు రీడింగులు కావాలి. ముందు ట్రైలర్ హుక్కుకి తగిలించి ఉండగానే, దాని చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద నిలిపి ఒకటి. ఇది ఇరుసు మీది బరువు. తర్వాత హుక్కు విప్పి, ముందు జాకీ చక్రంతో సహా ట్రైలర్ మొత్తం ఎక్కించి ఇంకొకటి. రెండింటి తేడా హుక్కు మీద పడే బరువు. అది మొత్తంలో 10 నుంచి 15 శాతం మధ్యలో ఉంటే బండి తిన్నగా వస్తుంది, బాగా తగ్గితే వెనక తోక ఊపడం మొదలెడుతుంది. ఆ తర్వాత ఒక పక్క చక్రం ప్లాట్‌ఫాం మీద, రెండోది బయట నేల మీద పెట్టి ఎడమ, కుడి వేర్వేరుగా. నేలా ప్లాట్‌ఫామూ ఒకే మట్టంలో ఉన్న కాటాలోనే ఇది చేయాలి, లేకపోతే బండి వాలి తప్పుడు లెక్క చూపిస్తుంది.

నీళ్లు నింపి, గ్యాసు పెట్టి, పరుపులూ బట్టలూ వేసి తీసుకెళ్లండి. కాటా అబ్బాయి విసుక్కుంటాడు, ఖాళీగా ఉండే వేళ చూసుకుని వెళ్లండి.

నాగావళి_ఒడ్డు · రాయగడ

ఇవాళ పొద్దున్నే జేకేపూర్ రోడ్డులో కాటా వేయించాను. యూకలిప్టస్ లారీలు వరసలోకి రాకముందే వెళ్లడం మంచిదయింది. ఎడమ చక్రం ఒక్కటే ఎక్కించమంటే, "అదేం కాటా సార్, సగం బండికి స్లిప్పు ఇవ్వమంటారా?" అని నవ్వాడు. ఇచ్చాడు మరి. నాలుగు స్లిప్పులూ ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను:

మొత్తం 1,360 కిలోలు.
హుక్కుకి తగిలించి, ఇరుసు మీద 1,210.
ఎడమ చక్రం 670.
కుడి చక్రం 540.

1,200 ఖాళీ బరువు కాబోలు. ఎడమకీ కుడికీ 130 కిలోల తేడా చూసి కాస్త టెన్షన్ వచ్చింది.

పర్లాకిమిడి_టీచర్ · పర్లాకిమిడి

హుక్కు మీద 150, అంటే 11 శాతం. అది బాగుంది. మొత్తాన్ని రెండుతో భాగించే పద్ధతి ఎందుకు పనికిరాదో ఈ స్లిప్పుల్లోనే ఉంది. ఇరుసు బరువులో సగం 605, కానీ మీ ఎడమ టైరు మోస్తున్నది 670. 165 టైరు హద్దు 730 కాబట్టి 92 శాతం వాడేసినట్టు. గతుకులో పడ్డప్పుడు, వంపులో బరువు ఒక పక్కకి వాలినప్పుడు ఆ మిగిలిన 8 శాతం ఏమూలకీ చాలదు. 20 శాతం మిగులు ఉండేలా చూసుకోండి. 185 ఆర్14 మీద 102/100 ఉంటే 850 కిలోలు, అప్పుడు 670 అంటే 79 శాతం.

ఎడమ పక్క ఏమేం ఉన్నాయి?

నాగావళి_ఒడ్డు · రాయగడ

వంటగట్టు, గ్యాసు, బ్యాటరీ మూడూ ఎడమే. ట్యాంకు నడిమిన, ఇరుసు మీదకి వస్తుంది.

ఘాట్‌రోడ్_బాబాయి · జయపురం

బ్యాటరీ కుడికి మార్చు. నిండు ఇన్వర్టర్ బ్యాటరీ యాభై కిలోలకు పైనే ఉంటుంది. టైరు పెద్దది వేయడం కంటే ముందు చేయాల్సిన పని అది. లోడు సర్దడం రానివాడికి ఎంత పెద్ద టైరిచ్చినా పేల్చుకుంటాడు.

గుణుపురం_గాలిమిషన్ · గుణుపురం

185 తీసుకుంటే మూడు చూసుకోండి సార్. రిమ్ము వెడల్పు. మీ రిమ్ము లోపలి వైపు 5జె అని గాని 5½జె అని గాని గుద్ది ఉంటుంది, ఆ రెండింటిలో ఏదైనా 185కి పనికొస్తుంది. రెండోది మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సందు, ఎందుకంటే 185 కాస్త ఎత్తు, కాస్త వెడల్పు. కమాను పూర్తిగా దిగినప్పుడు కూడా తగలకూడదు. మూడోది వాల్వు. కారు రిమ్ముకి వేసే మామూలు రబ్బరు వాల్వు 65 పాయింట్ల దాకానే. అంత గాలి కొట్టేవాళ్లు నట్టుతో బిగించే ఇనుప వాల్వు వేయించుకోవాలి. రబ్బరు వాల్వు మొదట్లో పగిలి గాలి పోతే టైరు తప్పేమీ ఉండదు, కానీ పోయేది టైరే.

నైట్రోజన్ అడగకండి. నా షాపులో ఉంది, డబ్బులు తీసుకుంటాను, అయినా చెబుతున్నా: మామూలు గాలిలో 78 శాతం అదే.

కోరాపుట్_కాఫీ · కోరాపుట్

టైరు కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. ఎంఆర్ఎఫ్ కానివ్వండి, సియట్ కానివ్వండి, అపోలో కానివ్వండి, ఆ అంకెలు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. కారు టైర్లు అరిగి పోతాయి, ట్రైలర్ టైర్లు ఎక్కువగా నిలబడి పోతాయి. ఏడాదిలో పది నెలలు ఎండలో నిలిపిన ట్రైలర్‌కి గ్రూవులు కొత్తగానే ఉంటాయి, సైడ్‌వాల్ మాత్రం సన్నగా పగుళ్లిచ్చేస్తుంది. వాడని రోజుల్లో టైర్ల మీద గోనె పట్టాలు కప్పండి. అయిదారేళ్లు దాటితే గ్రూవులు చూసి మురిసిపోకుండా మార్చేయండి.

రీబటన్ టైర్లు (పాత టైరుకి కొత్త ట్రెడ్ అతికించినవి) మాత్రం ట్రైలర్‌కి వద్దు.

ఘాట్‌రోడ్_బాబాయి · జయపురం

రీబటన్ మీద అంత చులకన వద్దమ్మా, మంచి కేసింగు మీద మంచి చోట చేయిస్తే లారీకి బాగానే నడుస్తాయి. అయినా ఈ చిన్న టైర్లకి అక్కర్లేదు, ఒప్పుకుంటాను.

బరంపురం_బుల్లెట్ · బరంపురం

గాలి సంగతికొద్దాం. 65 కొట్టించి ఏప్రిల్‌లో మన ఎండలో వెళ్తే, మధ్యాహ్నానికి 75 చూపిస్తుంది. అప్పుడు ఆపి కొంచెం వదలకపోతే టైరు పేలదా? మా మావయ్య ఎప్పుడూ వదిలేవాడు.

పర్లాకిమిడి_టీచర్ · పర్లాకిమిడి

వదలకూడదు. తయారీదారు ఇచ్చే అంకెలన్నీ చల్లటి టైరువి, అంటే నడపక మూడు గంటలైనా అయిన టైరువి. నడిస్తే వేడెక్కి పెరుగుతుందని వాళ్లకి తెలిసే ఆ అంకె ఇచ్చారు.

లెక్క వేసి చూడండి. తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర 65 కొట్టారు. బయటి గాలి పీడనం 14.7 కలిపితే 79.7. టైరు 40 డిగ్రీలకి చేరితే, కెల్విన్‌లో 293 నుంచి 313కి వెళ్లినట్టు. 79.7ని 313తో గుణించి 293తో భాగిస్తే 85.1. మళ్లీ 14.7 తీసేస్తే 70. వాతావరణం వేడికే అయిదు పాయింట్లు పెరిగింది, నడకతో ఇంకొన్ని పెరుగుతాయి. మీ మావయ్యగారు పది వదిలితే, సాయంత్రం టైరు చల్లబడ్డాక 55 దగ్గర ఉంటుంది. మర్నాడు పొద్దున దానితోనే బయల్దేరతారు. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ఎక్కువ ఒంగుతుంది, ఎక్కువ ఒంగితే ఇంకా వేడెక్కుతుంది. గేజీ మళ్లీ ఎక్కువ చూపిస్తుంది, ఆయన మళ్లీ వదులుతారు.

వేడి టైరులో అంకె చల్లటిదానికంటే 15 శాతం మించి పెరిగితే, వదలడం కాదు, ఎందుకు అంత వేడెక్కిందో చూడాలి. గాలి తక్కువతో మొదలుపెట్టారా, లోడు ఎక్కువైందా, బ్రేకు పట్టేసిందా అని.

బరంపురం_బుల్లెట్ · బరంపురం

లెక్క బాగానే ఉంది మేడమ్. కానీ ఎండలో 75 చూస్తే నాకు మాత్రం గుండె ఆగినంత పనవుతుంది.

కోరాపుట్_కాఫీ · కోరాపుట్

ఘాట్ ఎక్కితే పైన గాలి పలచన, టైరు ఉబ్బుతుంది అని కూడా కొందరు వదిలేస్తుంటారు. రాయగడ నుంచి మా కోరాపుట్‌కి 650 మీటర్లకు పైగా ఎక్కాలి. దానివల్ల గేజీలో పెరిగేది ఒక్క పాయింటు. పైన చల్లదనం వల్ల దాదాపు అంతే తగ్గుతుంది. ముట్టుకోకుండా వదిలేయండి.

గంజాం_టు_టెక్సస్ · డాలస్

మరి ఎంత కొట్టాలి అన్నదానికి వస్తే, ఇక్కడ రెండు ఇరుసుల ట్రైలర్లకి ఎస్‌టీ టైర్లైతే సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ గాలే కొట్టమని చెబుతారు. కారణం ఉంది. రెండు ఇరుసులున్నది మలుపు తిరిగేటప్పుడు చక్రాలు తిరగాల్సిన దారిలో తిరగలేక పక్కకి ఈడ్చుకుపోతాయి. టైరు లోపలి బెల్టులు ఒకదాని మీద ఒకటి జారాలని లాగుతుంటాయి. గాలి గట్టిగా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. మీది ఒకటే ఇరుసు కాబట్టి ఆ బాధ తక్కువ. బరువు తెలిసింది కాబట్టి కంపెనీ లోడ్ చార్టు (ఎంత గాలికి ఎంత బరువో చెప్పే పట్టిక) చూసి, దానికంటే పైన పెట్టుకోవచ్చు. ఎట్టి పరిస్థితిలోనూ చార్టు కంటే కింద కాదు, సైడ్‌వాల్ అంకె కంటే పైన కాదు.

నాగావళి_ఒడ్డు · రాయగడ

అప్‌డేట్. బ్యాటరీ కుడి వైపు మంచం కిందకి మార్పించాను. మళ్లీ కాటా: ఎడమ 625, కుడి 585. రిమ్ము 5½జె. 185 ఆర్14 ఎల్‌టీ 8 పీఆర్, 102/100, ఈ ఏడాదివే దొరికాయి. మడ్‌గార్డు సందు మూడు వేళ్లు ఉంది, కమాను దిగినా తగలడం లేదు. ఇనుప వాల్వులు వేయించాను. గాలి ఎంత పెట్టమంటారు, 55 సరిపోతుందా?

పర్లాకిమిడి_టీచర్ · పర్లాకిమిడి

65 దగ్గర 850 మోసే టైరు 55 దగ్గర సుమారు 740 మోస్తుంది. 625కి 15 శాతం మిగులు. నా ఓటు 60కి, మీ పొయ్యి ఎగరకుండా ఉండాలంటే 55. 50కి మాత్రం దిగొద్దు. రెండు పక్కలా ఒకే అంకె పెట్టండి, కుడి పక్క తేలికని తగ్గించకండి.

గుణుపురం_గాలిమిషన్ · గుణుపురం

55 పెట్టి, ట్రెడ్ మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, సిమెంటు రోడ్డు మీద తిన్నగా కొంచెం దూరం నడిపి చూడండి. అంచుల్లోనే చెరిగితే గాలి తక్కువ, నడిమిన మాత్రమే చెరిగితే ఎక్కువ. ఎల్‌టీ టైరు గట్టిది కాబట్టి నడిమిన కొంచెం ఎక్కువ చెరిగినా కంగారు పడకండి. సుద్ద చూసి చార్టు కంటే తగ్గించడం మాత్రం వద్దు.

గేజీ సొంతంది కొనుక్కోండి. పెట్రోలు బంకులో మిషన్లు ఒకదానికొకటి అయిదు పాయింట్లు తేడా చూపించడం రోజూ చూస్తున్నా.

గంజాం_టు_టెక్సస్ · డాలస్

టీపీఎంఎస్ (టైర్లలో గాలి ఎంతుందో డ్రైవరుకి చూపించేది) కూడా పెట్టించండి. వాల్వు టోపీ స్థానంలో బిగించే సెన్సార్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బొలెరో టైరులో గాలి పోతే స్టీరింగులో తెలుస్తుంది. వెనక ట్రైలర్ టైరులో పోతే మీకేమీ తెలియదు. రబ్బరు ముక్కలై మడ్‌గార్డుని చీల్చి, వెనకొచ్చేవాడు హారను కొట్టేదాకా ఏసీలో పాటలు వింటూనే ఉంటారు. చల్లటి అంకెకి 10 శాతం తగ్గగానే మోగేలా పెట్టుకోండి. 20 శాతం తగ్గాక దాని మీద ప్రయాణం చేశారంటే ఆ టైరుని విప్పి లోపల చూడకుండా మళ్లీ గాలి కొట్టకూడదు.

ఘాట్‌రోడ్_బాబాయి · జయపురం

సెన్సారు పెట్టుకో, వద్దనను. కానీ టీకి ఆగిన ప్రతిసారీ దిగి చక్రం చుట్టూ తిరుగు. రెండు టైర్ల మీదా చెయ్యి పెట్టు, తర్వాత రెండు హబ్బుల మీదా. రెండూ ఒకేలా వెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టనివ్వకపోతే అక్కడే ఆగు, టైరో బేరింగో బ్రేకో ఏదో ఒకటి నీతో మాట్లాడుతోంది. క్లీనర్లు రాడ్డుతో కొట్టి చూస్తారే, ఆ చప్పుడుకి 65కీ 45కీ తేడా తెలియదు. అది పూర్తిగా దిగిపోయిన టైరుని పట్టుకోవడానికే.

స్టెప్నీ ఏం పెట్టావు? పాత కారు టైరేనా?

నాగావళి_ఒడ్డు · రాయగడ

అదే పెట్టుకుందామనుకున్నాను బాబాయ్...

ఘాట్‌రోడ్_బాబాయి · జయపురం

తీసేయ్. స్టెప్నీ కూడా 185 8 పీఆరే కావాలి, దానికీ అదే గాలి. అడవిలో ఆ కారు టైరు మీద 625 కిలోలు పెట్టి గుప్తేశ్వర్ నుంచి జయపురం దాకా ఎలా వస్తావు? బొలెరో జాకీ ట్రైలర్ ఇరుసు కిందకి సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే ఎత్తి చూసుకో, కింద పెట్టడానికి చెక్కముక్క ఒకటి తీసుకెళ్లు. కొత్త చక్రాలు బిగించావు కాబట్టి మొదటి 50 నుంచి 80 కిలోమీటర్లలో ఒకసారి ఆగి నట్లన్నీ మళ్లీ బిగించు. పానా బొలెరోలోనే పెట్టుకో, ట్రైలర్‌లో పరుపుల అడుగున కాదు. జయపురం వచ్చినప్పుడు చెప్పు, హబ్బుల్లో గ్రీజు ఏ రకం వేశారో ఒకసారి నేను విప్పి చూస్తాను.